తాడు పట్టినందుకు వాటా

డెబోరాకు ఉద్యోగం వచ్చిందని ఊరందరికీ తెలుసు. అది ఉద్యోగం కాదని మాత్రం ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకరు డెబోరా, రెండోవారు ఆమె తల్లి రెబెక్కమ్మ. తోటపల్లి గూడూరుకు కూతవేటు దూరంలో ఉంటారు. రెబెక్కమ్మ జాకెట్లు కుట్టి, కుట్టి, కూతుర్ని ఎమ్మెస్‌డబ్ల్యూ దాకా చదివించింది. నెల్లూరులోని ఆశాతీరం అనే పెద్ద స్వచ్ఛంద సంస్థ నుంచి ఈమెయిలు రాగానే, మొదటి పేజీ చదివించుకుని, రెండో పేజీ దాకా ఆగలేక, ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేసింది.

"నా బిడ్డకు దేవుడు కొలువిచ్చినాడు. తొలి సంపాదన ప్రథమ ఫలంగా మందిరానికి తెచ్చిస్తానని మొక్కుకున్నా."

పాస్టర్ గిద్యోను గారు స్తోత్రం చెప్పారు. సంఘమంతా ఆమెన్ అంది. ఇక వెనక్కి తీసుకునే మాట కాదు.

రెండో పేజీలో ఉన్నదేమిటంటే, ఇది ఆరు నెలల ఇంటర్న్‌షిప్, దీనికి జీతం ఉండదు, విలువైన అనుభవం ఉంటుంది. బస్సు చార్జీల బరువు కూడా ఆ అనుభవంలోకే వస్తుంది. అట్టడుగున ఇంకో వాక్యం ఉంది. ఆరు నెలలు సంతృప్తికరంగా పనిచేసిన వాళ్ళలో ఒకరిని జీతం మీద ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా తీసుకునే అవకాశం ఉందట. డెబోరా ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని రోజూ ఏడు గంటల బస్సెక్కింది.

ఆశాతీరానికి నెల్లూరులో నాలుగంతస్తుల ఆఫీసు ఉంది. పేదరిక నిర్మూలన మూడో అంతస్తులో జరుగుతుంది. డెబోరాకు సొంత కుర్చీ లేదు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ కుర్చీ ఆమెది. అందరూ వచ్చిన రోజున జిరాక్సు మిషను పక్కన నిలబడి పనిచేసేది. మూడు జిల్లాల నివేదికలు తెలుగులోకి మార్చింది, పెద్దవాళ్ళ ఉపన్యాసాలు రాసింది, దాతలు వచ్చిన రోజున దండలు మోసింది. నీలాగా పనిచేసేవాళ్ళు లేరమ్మా అని అందరూ అనేవాళ్ళు. అనడానికి బడ్జెట్ అక్కర్లేదు.

ఊళ్ళో మాత్రం సంఘం వాళ్ళు ఎదురుపడితే ఇంకా జీతం పడలేదా అని అడిగేవాళ్ళు. వాళ్ళు అడిగేది జీతం గురించి కాదు, మొక్కుబడి గురించి. రెబెక్కమ్మ తలొంచుకుని, "దేవుని సమయం వేరు" అనేది.

అయిదో నెలలో డెబోరాను ఒక సముద్రపు పాలేనికి సర్వేకు పంపించారు. మొత్తం అరవై రెండు ప్రశ్నలు. పొద్దున్నే వెళ్ళేసరికి పాలెంలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఇసుకలో రెండు బారులుగా నిలబడి పెద్ద వల లాగుతున్నారు. పడవ వలను అర్ధచంద్రంలా వేసి వస్తుంది, దాని రెండు కొసల తాళ్ళు ఒడ్డున ఉంటాయి, వల ఒడ్డుకు చేరేదాకా లాగుతూనే ఉండాలి. వలకు పెద్ద పోలేరయ్య. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

డెబోరా ఆయన పక్కన నిలబడి పధ్నాలుగో ప్రశ్న దాకా వచ్చింది. "మీరు చేసే పనికి తగిన ప్రతిఫలం అందుతోందా?"

"వల వస్తే అందుతది. నీకో?" అన్నాడు పోలేరయ్య.

ఆ ఫారంలో అడిగేవాళ్ళకు గడి లేదు. డెబోరా కాయితం తిప్పింది.

"సర్వే యాడికీ పోదులే పాపా. ఇయ్యాల ముగ్గురు రాలా. వచ్చి తాడు పట్టు" అన్నాడు.

పట్టింది. రెండు గంటలు లాగింది. మొదటి పావుగంటలో ముందుకు పడింది, తర్వాత వెనక్కి పడింది, ఆ తర్వాత పక్కనున్న ఆడవాళ్ళను చూసి కాళ్ళు ఇసుకలో ఎట్లా దిగేయాలో నేర్చుకుంది. అరచేతులు కమిలిపోయాయి. వల ఒడ్డుకొచ్చేసరికి అందరితోపాటు తనూ కేక పెట్టింది. వల నిండా చేపలు: నెత్తళ్ళు, కవళ్ళు, అక్కడక్కడా సావళ్ళు. పడవకింత, వలకింత తీసి, మిగిలింది తాడు పట్టిన మనిషికొకటి చొప్పున కుప్పలు పోశారు. డెబోరా ముందు కూడా ఒక కుప్ప పడింది. పక్కామె కుప్పంతే ఉంది, పిడికెడు తక్కువా లేదు, ఎక్కువా లేదు.

"నాకొద్దు పెద్దాయనా. మా ఆఫీసు ఒప్పుకోదు."

"ఆఫీసు తాడు పట్టిందా?"

"పట్టలేదు."

"మరి దాన్నెందుకు అడగడం? తాడు పట్టినోళ్ళు ఒట్టి చేతుల్తో పోతే రేపు వల ఒట్టిదే వస్తది. మా కూడు చెడగొట్టబాకు."

ఇంకొకరి కూడు చెడగొట్టకూడదనే కదా ఆశాతీరం పుట్టింది. డెబోరా తీసుకుంది.

బస్సులో ఆ సంచీ వాసనకు ఇద్దరు సీటు మారారు. డెబోరాకు సంతోషంగా ఉంది. చదువయిపోయినప్పటి నుంచీ ఆమె పనిని ఎవరూ కళ్ళారా చూసి, ఇదిగో ఇది నీది అని చేతిలో పెట్టలేదు. ఇంటికి రాగానే సంచీ తల్లి ముందు పెట్టింది.

"ఇవేంది మే?"

"నా వాటా. వల లాగినా."

రెబెక్కమ్మ కూతురి అరచేతులు పట్టుకుని చూసింది. చేపలు చూసింది. మళ్ళీ చేతులు చూసింది. ఆ తర్వాత మంచి నెత్తళ్ళన్నీ ఏరి, కడిగి, స్టీలు గిన్నెలో పెట్టి, పైన తెల్లగుడ్డ కప్పి పాస్టరు గారింటికి బయల్దేరింది. మొక్కు మొక్కే. తొలి సంపాదన నోట్ల రూపంలోనే రావాలని బైబిల్లో ఎక్కడా లేదు.

ఆదివారం పాస్టరు గారు ప్రకటించారు. "సహోదరి రెబెక్కమ్మ గారు తమ కుమార్తె తొలి సంపాదనను నెత్తళ్ళ రూపంలో ప్రభువుకు సమర్పించుకున్నారు." ఆమెన్ కాస్త ఆలస్యంగా వచ్చింది గానీ గట్టిగానే వచ్చింది. రెబెక్కమ్మ ముసుగు సర్దుకుని ఇన్ని నెలల్లో మొదటిసారి తలెత్తి కూర్చుంది.

కాకపోతే అది నెలలో మొదటి ఆదివారం. ఆశాతీరంలో హెచ్‌ఆర్ చూసే సుశీల్ కుమార్ ఆ సంఘానికి అల్లుడు. మొదటి ఆదివారాల్లో అత్తగారింటికి వస్తాడు. ఆయన కూడా ఆమెన్ అన్నాడు.

సోమవారం డెబోరాను పిలిపించాడు. మంచి మనిషి, కుర్చీ చూపించి మరీ అడిగాడు.

"ఆ చేపలు గిఫ్టా, కూలా?"

"వాటా అన్నా."

"వాటాకు మన ఫారంలో కాలమ్ లేదమ్మా. గిఫ్టయితే లబ్ధిదారుల దగ్గర కానుక తీసుకున్నట్టు. మొదటిసారి కాబట్టి, తప్పయిందని రాసిస్తే సరిపోద్ది. కూలయితే ఇంటర్న్‌షిప్‌లో ఉండి వేరేచోట సంపాదించినట్టు. దానికి రాసిచ్చేది ఉండదు, ఇంటికి పోవడమే."

"మీరు కూడా విన్నారు గదన్నా, చర్చిలో."

"ఆదివారం విశ్వాసిగా విన్నా. ఇయ్యాల హెచ్‌ఆర్‌గా అడుగుతుండా." గొంతు తగ్గించాడు. "కోఆర్డినేటర్ లిస్టులో నీ పేరే పైనుంది. ఒక్క మాట రాసేయ్ తల్లీ."

డెబోరా పెన్ను పట్టుకుంది. వాళ్ళమ్మ కుట్టుమిషను గుర్తొచ్చింది, అయిదు నెలల బస్సు గుర్తొచ్చింది. ఇప్పుడు ఇంటికి పోతే మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. నీతి గొప్పదే. దాన్ని నిలబెట్టడానికి కూడా ఎక్కడో ఒక కుర్చీ ఉండాలి. ‘బహుమతి’ అని రాసి, కింద తప్పయిందని రాసి సంతకం పెట్టింది.

నెల తిరక్కుండా ఉద్యోగం ఇచ్చారు. ఈసారి రెండు పేజీలూ చదివాకే ఇంట్లో చెప్పింది. రెబెక్కమ్మ మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. ఆమె లేచాక డెబోరా, దాచడం ఇష్టం లేక, రాసిచ్చిన కాయితం సంగతి కూడా చెప్పింది.

"అయితే నేను దేవుడి ముందర పెట్టింది ఏంది మే?"



రెబెక్కమ్మ మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. రెండుసార్లు తప్పింది. "సర్లే. జీతమొచ్చినాక మళ్ళీ ఇద్దాం" అంది.

మెళ్ళో గుర్తింపు కార్డు పడ్డాక డెబోరా మొదట అడిగి వేయించుకున్న పని ఆ పాలేనిదే. వెళ్ళేసరికి వల నీళ్ళలో ఉంది. చెప్పులు విడిచేసి, చున్నీ నడుముకు బిగించి, తాడు దగ్గరికి పరిగెత్తింది.

"వద్దు మేడం" అన్నాడు పోలేరయ్య.

ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పడవ నీడలో వేశారు.

"నన్ను మేడం అనబాకు పెద్దాయనా."

"మీ ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. చదివించుకున్నాం. మేమిచ్చింది గిఫ్టని మీరు చేవ్రాలు పెట్టినారంట, ఇంక మీదట ఇయ్యొద్దని రాసినారు. మేం వాటా అనుకున్యాం." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే డెబోరా పోట్లాడి ఉండేది, కాళ్ళయినా పట్టుకుని ఉండేది.

"అట్టా రాయకపోతే ఉద్యోగం పొయ్యేది."

"మంచిపనే చేసినావు" అన్నాడు పోలేరయ్య. వెంటనే సర్దుకున్నాడు. "చేసినారు."

డెబోరా కుర్చీలో కూర్చుంది. ఆశాతీరంలో కూడా ఇప్పుడామెకు సొంత కుర్చీ ఉంది. రెండు గంటలు వాళ్ళు లాగారు, ఆమె చూసింది. మధ్యలో ఒకామె మంచినీళ్ళిచ్చి, గ్లాసు కడిగి తెచ్చానని కూడా చెప్పింది. వల వచ్చింది. కుప్పలు పోశారు. డెబోరా వద్దనుకుంటూనే వేలితో లెక్కపెట్టింది. తాడు పట్టినవాళ్ళెందరో అన్నే కుప్పలున్నాయి.

ఆమె లేచి చెప్పులేసుకుంటుంటే పోలేరయ్య తన కుప్పలోంచి రెండు పెద్ద చందువా చేపలు తీసి, సముద్రంలో కడిగి, కవర్లో చుట్టి తెచ్చాడు. ఆనాటి ఆమె కుప్పకు నాలుగింతల ఖరీదు చేస్తాయి.

"ఇయ్యొద్దని రాసినారు గానీ, చూడ్డానికొచ్చిన చుట్టాన్ని ఒట్టి చేతుల్తో పంపం మేడం. గిఫ్టనే రాసుకోండి."

డెబోరాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వద్దనే హక్కు తనకు ఉన్నట్టు అనిపించలేదు. కవరు అందుకుంది.

మర్నాడు ఆఫీసులో కూర్చుని, ఎవరేమిచ్చినా ఉద్యోగులు రాసివ్వాల్సిన కానుకల ఫారం నింపింది. వస్తువు: చందువా చేపలు, రెండు. ఇచ్చినవారు: పోలేరయ్య. రకం అన్నచోట ‘బహుమతి’ అని రాసింది. ఈసారి అది నిజం.