కడప దారిలో ఐదువేల కోడి

విదేశంలో ఉంటూ ఇండియా నుంచి బిడ్డను దత్తత తీసుకోవాలనుకునేవాళ్ళు ఇంటర్నెట్‌లో వెతికితే కాగితాల గురించి బోలెడంత సమాచారం దొరుకుతుంది. బిడ్డను తెచ్చుకునే రోజు ప్రయాణం ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ రాయరు. నేను ఎంత వెతికినా దొరకలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. మాది కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరు. నేను ఐర్లండ్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో నర్సుగా పనిచేస్తున్నాను. మా ఆయన దానియేలు ఒక గోదాములో సరుకులెత్తే బండి నడుపుతారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఆసుపత్రుల చుట్టూ తిరగడం ఇక చాలనుకున్నాక, దత్తతకు పేరు రాయించుకున్నాం. ఏ రాష్ట్రం బిడ్డయినా రావచ్చు, సిద్ధంగా ఉండండి అన్నారు. హిందీ నేర్చుకోవాలేమోనని నేను భయపడ్డాను. తీరా కబురు వచ్చాక చూస్తే నాలుగేళ్ళ పాప, పేరు గంగ, ఉన్నది కడపలో. సముద్రాలు దాటి వెళ్ళి అడిగితే మా ఇంటికి నాలుగు గంటల దూరంలో ఉన్న బిడ్డను చూపించాడు దేవుడు.

ఖర్చు సంగతి దాచడం నాకిష్టం లేదు. అక్కడ మా ఇల్లూ వాకిలీ చూసి నివేదిక రాసేవాళ్ళకు ఫీజు, ప్రతి కాగితానికీ ముద్ర వేయించడానికి ఫీజు, ఇక్కడి సంస్థకు ఫీజు, ఆపైన విమానం టిక్కెట్లు. కల్లూరులో ఎప్పుడో కొనుక్కున్న మూడు సెంట్ల స్థలం అమ్మేశాం. ఆదివారాలు కూడా డ్యూటీలు చేశాను. "దేవుడిస్తాడు" అంటారు దానియేలు ప్రతిసారీ. ఇస్తాడు, కాదనను. కానీ గడువు చివరి రోజు సాయంత్రం దాకా ఆగి ఇస్తాడు. ఆ సాయంత్రాలన్నిటిలో నా రక్తపోటు చూసుకోవలసింది నేనే కదా.

ఈ ప్రయాణం నాటికి ఫీజులన్నీ కట్టేశాం. సోమవారం పది గంటలకు ఇద్దరం కడపలో పాప ఉంటున్న ఆ సంస్థకు వెళ్ళి సంతకాలు పెట్టి పాపను తెచ్చుకోవాలి. తర్వాత నేను పాపతో కల్లూరులో మా వదిన ఇంట్లో ఉండి, పాస్‌పోర్టు వచ్చాక కలిసి వెళ్తాం. దానియేలు విమానం గురువారం. అయితే ఒక చిక్కుంది. వీడియో కాల్‌లో మేం కనబడగానే గంగ అక్కడ తనను చూసుకునే ఆయమ్మ చీరలో మొహం దాచుకునేది. బయటికి పోదాం రా అంటే చాలు, వెళ్ళడం ఇష్టంలేక తన చెప్పులు ఎక్కడో దాచేసేదట. ఆఫీసు మేడం ముందే చెప్పేశారు: "పాప ఏడ్చి గోల చేస్తే ఆ రోజు పంపలేం. కడపలోనే ఉండి రోజూ వచ్చి అలవాటు చేసుకోండి. పంపేటప్పుడు మాత్రం ఇద్దరూ ఉండాలి." అందుకే కడపలో మూడు రోజులు ఉండటానికి సరిపడా డబ్బు విడిగా ఒక కవరులో పెట్టుకున్నాను. గురువారం లోపు పాప మాతో రాకపోతే దానియేలు మళ్ళీ ఐర్లండ్ నుంచి రావాలి. ఆ టిక్కెట్టుకు మా దగ్గర డబ్బుల్లేవు.

ఆదివారం ఉదయం ఆరింటికి కల్లూరులో బయల్దేరాం. బస్సులో అయితే మనిషికి నాలుగు వందల లోపే, కానీ తిరుగు ప్రయాణంలో చిన్నపాప ఉంటుందన్న ఆశతో కారు మాట్లాడుకున్నాం. రెండు రోజులకు డ్రైవర్ బత్తాతో కలిపి తొమ్మిది వేలు. డ్రైవర్ దస్తగిరి మా వదిన వాళ్ళ వీధిలోనే ఉంటాడు, మీసం తప్ప మిగతా జుట్టంతా నెరిసిన మనిషి. నంద్యాల చేరేసరికి ఏడున్నర. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు యాభై రూపాయలు. అంత దిగులులోనూ నాకు రెండో ప్లేటు తినాలనిపించింది, తిన్నాను కూడా. నంద్యాల దాటాక రోడ్డు బాగుంటుంది. కాలువ నీళ్ళు పారినంత మేర పచ్చగా, పారని చోట ఎర్రమట్టి, నల్లమట్టి. ఎడమవైపు నల్లమల కొండలు ఆళ్ళగడ్డ దాకా వెంటే వస్తాయి.

ఆళ్ళగడ్డ దాటాక ఎడమకు తిరిగితే దానియేలు మేనత్త రత్నమ్మ ఉండే ఊరు. కూలిపని, ఎకరం పొలం, చిన్న చర్చి, అదీ ఆమె లోకం. ఆ రోజు వాళ్ళ చర్చిలో కోత పండుగ. పండిన పంటలో మొదటిది తెచ్చి దేవుడికి అర్పిస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, ఆ డబ్బు చర్చికి. బల్ల ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, పసుపు కొమ్ములు, ఒక పక్క కాళ్ళు కట్టేసిన నాటు కోడిపెట్ట. పాస్టరుగారు మా ఇద్దరినీ నిలబెట్టి గంగ కోసం ప్రార్థన చేయించారు. డబ్బు మాట నేనెత్తలేదు. విదేశం నుంచి వచ్చి డబ్బుల్లేవంటే నమ్మేదెవరు?

వేలం మొదలైంది. కోడి పాట మూడు వందల దగ్గర నడుస్తుండగా దానియేలు నా చెవిలో అన్నారు. "చూస్తూ ఉండు. మా ఊళ్ళో అతిథి పాట పాడితే ఊరివాళ్ళు వెంటనే దాటేస్తారు. అతిథితో డబ్బు పెట్టించడం నామోషీ. మన మాటతో చర్చికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, మనకు పైసా ఖర్చు కాదు." నేను వద్దనేలోపు లేచి నిలబడి, "ఐదు వేలు!" అని అరిచారు.

వేలం వేసేవాళ్ళు లెక్క మొదలుపెట్టారు. ఒకటోసారి. రెండోసారి. దానియేలు నవ్వుతూ అటూ ఇటూ చూస్తున్నారు, ఎవరైనా దాటకపోతారా అని. మూడోసారి. అందరూ చప్పట్లు కొట్టారు.

రత్నమ్మ వచ్చి కోడిని ఆయన చేతిలో పెట్టింది. "శానా పెద్ద పాట పాడినావబ్బీ! మీ నాయనుంటే ఎంత మురిసిపోతుండెనో."

"ఎవరూ దాటలేదేమత్తా?" అన్నారు దానియేలు నీరసంగా.

"ఆ కాలం పాయె. ఇప్పుడు బయటి దేశంనుంచి వచ్చినోళ్ళు పాడితే ఎవురూ దాటరు. దాటితే మీకు మర్యాద తక్కువ గాదూ?"

"అయితే కోడిని ఇక్కడే ఉంచుకో అత్తా."

"అట్ల గూడదు. దేవుని బల్ల కాడ్నుంచి కొన్నది దోవలో ఇడిసిపెడతారా? తీసకపోండి. బిడ్డ దగ్గరికి వట్టి చేతుల్తో పోకుండా ఉంటుంది."

కవరు తీసి ఐదు వేలు లెక్కపెట్టి ఇచ్చాను. మూడు రోజుల బసలో రెండు రోజులు అక్కడే కరిగిపోయాయి. భోజనం పెట్టారు, కొర్రన్నం, పప్పు, వంకాయ కూర. నేను కలిపి వదిలేశాను.

ఒంటిగంటన్నరకు మళ్ళీ రోడ్డెక్కాం. వెనక సీటులో నాకూ దానియేలుకూ మధ్య బుట్టలో కోడి. మైదుకూరు దాకా నేను ఆయనతో మాట్లాడలేదు, దేవుడితోనే గొడవపడ్డాను. రూపాయి రూపాయి కూడబెట్టాం, అడిగినప్పుడల్లా నువ్వే ఇచ్చావు, చివరి రోజున నీ ఇంట్లోనే ఎందుకు తీసుకున్నావు? నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అద్దంలో చూసినట్టున్నాడు దస్తగిరి.

"అక్కా, ఒక మాట చెప్తా, కోప్పడొద్దు. మీరిచ్చింది దేవునికే గదా. ఆయప్ప ఎవురికీ బాకీ ఉండడు."

"బాకీ తీర్చడానికి ఆయనకు గడువు లేదు దస్తగిరీ, నాకు గురువారం దాకే ఉంది" అన్నాను.

"అదీ నిజమే" అని ఒప్పుకుని బండి నడుపుకున్నాడు. నాకెందుకో నవ్వొచ్చింది.

నాలుగు దాటాక కడప చేరాం. స్టేషను రోడ్డులో లాడ్జీ, గది పద్దెనిమిది వందలు. శుభ్రంగా ఉంది, కానీ కోడిని లోపలికి రానివ్వం అన్నారు. దస్తగిరి దాన్ని కారులోనే ఉంచుకుని, "నాకూ తోడుంటాదిలే" అన్నాడు. పొద్దున ఎర్రకారం దోశ తిని పది గంటలకు సంస్థ ఆవరణలోకి వెళ్ళాం. చిన్న భవనం, ముందు వేపచెట్టు.

సంతకాలు అరగంటలో అయిపోయాయి. అసలు పని అప్పుడు మొదలైంది. గంగను తెచ్చారు. ఫోనులో కనిపించినదానికన్నా చిన్నగా ఉంది. ఐర్లండ్ నుంచి తెచ్చిన బొమ్మ చూపించాను. చూడలేదు. చాక్లెట్టు ఇస్తే తీసుకోలేదు. దానియేలు కోతిలా మొహం పెట్టారు, అది చూసి ఏడుపు అందుకుంది. ఆయమ్మ చీర రెండు చేతులతో పట్టుకుని మొహం దాచేసుకుంది. మేడం గడియారం వైపు చూసి, "రేపు కూడా వద్దురుగానీ" అన్నారు. రేపటికి మా దగ్గర ఒక్క రోజు బస మాత్రమే ఉంది. బొమ్మను మళ్ళీ సంచిలో పెట్టేశాను.

బయట కోడి అరిచింది. ఎండ ఎక్కుతోందని దస్తగిరి దాన్ని వేపచెట్టు కిందికి తెచ్చి నీళ్ళు పెడుతున్నాడు. గంగ ఏడుపు ఆపి చీరలోంచి మొహం తీసింది. ఆయమ్మను వదిలేసి గడప దాకా వెళ్ళింది, అక్కడ కాసేపు నిలబడి మెట్లు దిగింది. మేం వెనకే, దూరంగా.

"కాళ్ళు ఇప్పు. నొస్తాండాది దానికి" అంది దస్తగిరితో. ఆ పాప గొంతు నేను వినడం అదే మొదటిసారి.

దానియేలు మోకాళ్ళ మీద కూర్చుని తాడు విప్పారు. గంగ ఆయన పక్కనే గొంతుక్కూర్చుంది, ఆయన్ని చూడకుండా వేళ్ళనే చూస్తూ. తర్వాత నావైపు తిరిగి అడిగింది. "దీన్ని కోస్తారా?"

"కొయ్యం" అన్నాను.

"ఒట్టు?"

మా ఇంట్లో ఒట్లు పెట్టుకోవడం తప్పని పెంచారు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మీదా పెట్టలేదు. "ఒట్టు" అన్నాను.

"మల్ల యాడికి తీసకపోతారు?"

ఎన్ని నెలలుగానో ఈ పాపతో ఏం మాట్లాడాలో అద్దం ముందు అనుకుని ఉంచుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "కారులో తీసుకెళ్తాం. నాకు కోడిని పట్టుకోవడం చేతకావట్లేదు. నువ్వు పట్టుకుంటావా?" అన్నాను.

గంగ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది అనుకున్నాను. దానియేలు నా చెయ్యి పట్టుకున్నారు. కాసేపటికి మెట్ల మీద టపటపా చప్పుడు. గంగ చెప్పులు వేసుకుని వచ్చింది, కుడిది ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి.

ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను వెతికితే ఒక్కనాడూ దొరకల్యా ఆ చెప్పులు" అని ఏడ్చేసింది.

కోడి గంగ ఒళ్ళో కూర్చుని ఆళ్ళగడ్డ దాకా వచ్చింది. రత్నమ్మ ఇంటి దగ్గర ఆగాం. ఇచ్చిన మాట చెప్పి, కోడిని ఆమె దగ్గర ఉంచమని అడిగాను. ఈసారి రత్నమ్మ కాదనలేదు. "బిడ్డ ఇస్తే తీసుకుంటా" అంది. గంగ చాలాసేపు ఆలోచించి ఇచ్చింది, కోయకూడదని ఆమెతోనూ ఒట్టు వేయించుకుని.

ఆ ఐదు వేలు తిరిగి ఎక్కడి నుంచీ రాలేదు. ఆశ్చర్యంగా ఖాతాలో పడలేదు, కవరులో దొరకలేదు. మా వదిన దగ్గర అప్పు తీసుకుని నెల గడిపాం. దేవుడి మీద నమ్మకం అంటే డబ్బు సమయానికి రావడమే అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను, రానప్పుడల్లా ఆయనతో గొడవపడ్డాను. ఇప్పటికీ పడతాను. కాకపోతే మధ్యలో ఆపి, పక్క సీటులో ఏముందో ఒకసారి చూసుకుంటున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి ప్రయాణం చేస్తుంటే ఒక్క సలహా: బస ఖర్చు అనుకున్నదానికన్నా రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి, ఆ డబ్బు మాత్రం మీ ఆయన చేతికి అందకుండా దాచండి. మా ఆయన చేతికి అందినందుకు నేను రోజూ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాననుకోండి, అది వేరే సంగతి.