ఓనర్ గారు వేదిక మీదికి రావాలి

బుద్ధున్నవాడెవడూ చెయ్యని పనొకటి నేను నిండు సభలో, మైకు పట్టుకొని మరీ చేశాను. ఒక వేదికను కూల్చాను. గునపంతో కాదు, ఒక్క వాక్యంతో. చిత్తగించండి.

అప్పట్లో సూర్యాపేటలో ఏ షాపు తెరిచినా మైకు నాదే. నగల కొట్టయినా టైర్ల కొట్టయినా చివర్లో ఒకటే మాట: "ఇప్పుడు యజమాని గారు వేదిక మీదికి రావాలి!" ఆయన రావడం, శాలువా కప్పడం, భోజనాలు. నాకొచ్చిన విద్య అంతే. దాన్నే వాగ్ధాటి అనుకునేవాణ్ని.

ఆ ఏడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇరుగుపొరుగువాళ్లు తలాకొంత వేసుకొని, తామే యజమానులుగా సహకార కిరాణా దుకాణాలు తెరిచారు. మూడింట్లో బాగా నడుస్తున్నదానికి మా ఊళ్లో సన్మానం. మా ఆవిడ సరళ కూడా సూర్యాపేట దుకాణంలో సభ్యురాలే. దుకాణం ఎవరిదో నాకు విడమరిచి చెప్పింది. విన్నాను. కాకపోతే నా చెవికీ బుర్రకూ మధ్య సూర్యాపేట నుంచి తుంగతుర్తికి ఉన్నంత దూరం.

ఆ దుకాణానికి పెద్దదిక్కు యాదమ్మ. పగలు నాట్లకు పోయి, సాయంత్రం కౌంటర్లో కూర్చునేది. "ఆడోళ్ల దుకాణం, దసరా దాకా ఉంటే గొప్ప" అని గల్లీలో ఎకసెక్కాలు. అదే ఆమె బాధ.

"సారూ, గెలిస్తే మంచి ఫొటో తీపియ్యుర్రి. అద్దం కట్టిచ్చి దుకాణంల పెడత. సూసినోడు ఇగ నోరెత్తొద్దు."

"ఫొటో నా పూచీ యాదమ్మా!" అన్నాను. నా నోటికి పూచీ ఎవరో అడగాల్సింది.

సభ రోజున మిర్యాలగూడవాళ్లు వేదిక ముందే తమ బియ్యాన్ని రాశిగా పోసి ప్రదర్శనకు పెట్టారు. నేను మైకు సవరించుకొని, "మొదటి బహుమతి... సూర్యాపేట!" అన్నాను. చప్పట్లు. నాకు పూనకం వచ్చింది. "ఆ దుకాణం యజమాని గారు వెంటనే వేదిక మీదికి రావాలి!"

ఎడమవైపు వరసలన్నీ ఒక్కసారి లేచాయి. కొంగులు బిగించి మెట్లెక్కసాగాయి.

"అమ్మా, ఒక్కరే! యజమాని ఒక్కరే!"

"ఒక్కలంటే ఎవలు సారూ?" యాదమ్మ ఎక్కుతూనే అడిగింది. "అందరం ఓనర్లమే గద!"

"ఎవరో ఒక పెద్ద ఓనర్..."

"మా దాంట్ల పెద్దా చిన్నా లేదు. జర జరుగుర్రి, ఎనకోళ్లు ఎక్కాలె."

ఆ వెనకవాళ్లలో మా ఆవిడ. "నువ్వెందుకే?" అన్నాను, మైకులోనే.

"పిలిచింది మీరే గద!"

కింద నుంచి కోదాడ ఆవిడ ఒకరు కేకేశారు: "ఏవండీ మాస్టారూ, మీరు దిగితే ఇంకో ఇద్దరికి చోటుంటుందండీ!"

టెంట్‌హౌస్ మల్లేశం ఉరికొచ్చాడు. "సార్, దింపుర్రి! అయిదుగురికని ఏసిన స్టేజి అది!"

వేదిక ముందు మూలిగింది. తర్వాత ఎండకు అలసిన బర్రె కూలబడ్డట్టు, ఏ తొందరా లేకుండా, ఒక పక్కకు వాలి కూర్చుంది. యజమానులంతా ఒకరినొకరు పట్టుకొని, నవ్వుకుంటూ నేలకు జారారు. ఎవరికీ చిన్న గీరు కూడా పడలేదు. నేను మాత్రం నడుం దాకా మిర్యాలగూడ బియ్యంలో దిగబడ్డాను. మైకు చేతిలోనే ఉంది. అలవాటు కొద్దీ "ధన్యవాదాలు" అన్నాను.

"దెబ్బ తగిలిందా?" సరళ అడిగింది.

"పరువుకు."

శాలువా చూస్తే ఒకటే. కప్పించుకోవాల్సినవాళ్లు ఒక బస్సుకు సరిపడా ఉన్నారు. "ఎవలికి కప్పినా ఇంకొకల మొకం ముడుసుకుంటది. గీ సారుకే కప్పుర్రి, పాపం బియ్యంల వడ్డడు" అని యాదమ్మ తీర్పు చెప్పింది. కప్పేశారు. చుట్టూ చేరి విరగబడి నవ్వుతుంటే ఫొటోగ్రాఫర్ నొక్కాడు. వేదికే లేకపోయాక వేరే ఫొటో ఎక్కడిది? అదొక్కటే మిగిలింది.

అద్దం కట్టించి కౌంటర్ పైన పెట్టారు. ఎకసెక్కాలాడినవాళ్లే ఫొటో చూడ్డానికొచ్చారు. నవ్వారు. నవ్వి ఊరికే పోతే బాగుండదని పప్పో ఉప్పో కొన్నారు. మెల్లగా సభ్యులయ్యారు. దసరా దాటింది, దుకాణం పక్క గదిలోకి కూడా పెరిగింది. పెన్‌పహాడ్ పోయే ఆటోవాళ్లకు మాత్రం అది "బియ్యం సారు దుకాణం".

"యాదమ్మా, ఆ ఫొటో తీసెయ్" అని బతిమాలాను.

"మీరు ఓనరా?"

"కాదు."

"మరి? ఓనర్లు చెప్పాలె."

నేనూ సభ్యుణ్నయ్యాను. సమావేశంలో తీర్మానం పెట్టాను. తీసేయాలన్నది నేనొక్కణ్నే. వద్దని లేచిన చేతులు జొన్నచేనులా ఉన్నాయి. అందులో మా ఆవిడవి రెండు. ఆ చేతుల చేనును అలాగే ఫోన్లో ఫొటో పట్టేశాను.

ఆనాడే అందరి ఎదుటా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ సభలోనూ యజమానిని ఏకవచనంలో పిలవనని, పిలవాల్సే వస్తే ముందు వేదిక దిగి పిలుస్తానని.

సభ్యులంతా వంతులవారీగా కౌంటర్లో కూర్చోవాలి. నా వంతు వచ్చిన మొదటి రోజే, నా ఫొటో పక్కన అంతే పెద్ద అద్దంలో ఆ చేతులెత్తిన ఫొటో తగిలించాను. అందులో మా ఆవిడ నోరు, విప్పిన బస్తా మూతిలా ఉంది. యాదమ్మ చెయ్యెత్తి, కళ్లు మూసుకొని, హాయిగా గురక పెడుతున్నట్టుంది.

"సారూ, గిదేంది! నిద్రవోయినట్టు కనవడుతున్న, తీయుర్రి!"

"మీటింగుల పెట్టు యాదమ్మా," అన్నాను పప్పు తూస్తూ. "ఓట్లేద్దాం."

పెట్టింది. ఓట్లేశారు. ఎవరి మొహం వాళ్లకు నచ్చలేదు గానీ పక్కవాళ్ల మొహాలు అందరికీ తెగ నచ్చాయి. ఫొటో నెగ్గింది.