ఎడమచేతి ముద్ద

దెయ్యాల మాట మా పుట్టింట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నాన్నగారు మిషన్ బడిలో ఉపాధ్యాయులు. పోయినవాళ్ళు తీర్పు దినం దాకా నిద్రలోనే ఉంటారని చెప్పేవారు. గుంటూరులో కాలేజీ చదువు అయ్యాక నాకు ఆ నమ్మకం కూడా కొంత పలచబడింది. అలాంటిదాన్ని, పాప నిద్రపోయాక లాంతరు తగ్గించి ఇది రాస్తున్నాను.

యుద్ధం రోజులు. నా భర్త మద్రాసులో మిలిటరీ లెక్కల ఆఫీసులో ఉండేవారు. నరసరావుపేటలో అద్దె ఇంట్లో నేనూ, ఏడాది నిండని పాపా. మా అమ్మ పాప పుట్టకముందే పోయింది. మనవల్ని చూసుకోవాలని ఎంతో ఆశపడింది.

మా అరుగు కింద ఒక వీధికుక్క పడి ఉండేది. ఒళ్ళంతా గజ్జి, లోపలికి పోయిన డొక్కలు. ఎవరో కట్టి వదిలేసిన తాడు మెడలోకి దిగి చీము పట్టింది. ఒక ఉదయం పాప పాక్కుంటూ వెళ్ళి ఆ తాడు లాగింది. కుక్క చేతిమీద కరిచింది. గాటు చిన్నదే.

డాక్టరు గాయం కడిగి, కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. అది బతికితే భయం లేదు. చచ్చినా, తిండి మానేసినా పాపను గుంటూరు తీసుకుపోవాలి, బొడ్డు చుట్టూ సూదులు వేయించాలి. పాప అప్పుడే విరేచనాలతో చిక్కి లేచింది. ఆ సూదులకు తట్టుకుంటుందని ఆయన కూడా అనలేదు.

పశువుల ఆసుపత్రి వెనక దిక్కులేని జంతువుల కోసం ఒక పాక ఉండేది. దాన్ని ఏసోబు తాత చూసుకునేవాడు. అతనే వచ్చి గోనెసంచి కప్పి కుక్కను పట్టుకెళ్ళాడు. తాడు కోసి, పుండు కడిగి, గజ్జికి గంధకం కలిపిన వేపనూనె రాసి, విడిగా ఒక గుంజకు కట్టాడు.

"ఇది పిచ్చిది కాదమ్మా, ఆకలిది," అన్నాడు.

కాని అది ఆకలితో చచ్చినా, పిచ్చితో చచ్చినా నాకు తేడా ఎలా తెలుస్తుంది? పాపను పక్కింటి అక్కకు అప్పగించి, రేషను బియ్యం వండి, మజ్జిగ కలిపి పట్టుకెళ్ళాను. కుక్క మూతి తిప్పుకుంది. మర్నాడూ అంతే. నాకు కూడా ముద్ద దిగలేదు.

ఆ మరుసటి రోజు వెళ్ళేసరికి దాని డొక్క కాస్త నిండి ఉంది.

"నీకంటే ముందొచ్చే ముసలమ్మ పెడితే తింటందమ్మా. మీ మనిషే గదా?" అన్నాడు తాత.

నాకిక్కడ ఎవరూ లేరన్నాను.

"మరెవరో. 'తినరా నా తండ్రీ, నువ్వు బతికితేనే మా పిల్ల బతికేది' అని ఒకటే బతిమాలుడు. అంతా బానే ఉంది గానీ, ఎడం చేత్తో పెడతదేందమ్మా? కుక్కదైనా నోరే గదా."

మా అమ్మకు తన చిన్నతనంలో నాపరాళ్ళ గనిలో రాయి పడి కుడిచేతి వేళ్ళు పోయాయి. మాకందరికీ ఎడమచేత్తోనే కలిపి పెట్టేది. అమ్మది మాచర్ల. నరసరావుపేటకు ఎన్నడూ రాలేదు. ఆమె చేతి సంగతి ఈ ఊళ్ళో నేను ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పెందలాడే వెళ్ళాను. పాకకు దారి ఒక్కటే, రెండు పక్కలా జెముడు కంచె. నాకు ఎవరూ ఎదురు రాలేదు. కుక్క లేచి నిలబడి, మూతి నాక్కుంటూ, నేను వచ్చిన దారి వైపే చూస్తూ తోక ఆడిస్తోంది.

"ఇప్పుడేగా పోయింది. నీకెదురు రాలా?" అన్నాడు తాత.

గడువు గడిచింది. కుక్క బతికింది. పాపకు భయం లేదన్నారు డాక్టరు. గజ్జి మాని బొచ్చు మొలిచాక కుక్కను మా ఇంటికే తెచ్చుకున్నాను. ఇప్పుడు నేను పెట్టినా తింటుంది.

గడువు తీరాక ఆ ముసలమ్మ మళ్ళీ రాలేదట. ఎవరో దయగల మనిషై ఉంటుందని వాకబు చేశాను. అలాంటి మనిషిని ఎరిగినవాళ్ళు ఊళ్ళో లేరు.

కుక్కను తెచ్చుకునే రోజున తాత ఇంకో మాట అన్నాడు.

"ఆఖరిసారి వచ్చినప్పుడు అడిగిందమ్మా, పిల్లది ఎవరి పోలిక అని. నేను చూళ్ళేదు గదా. వాళ్ళమ్మ పోలికేలే అన్నా."

పాపది నా పోలిక కాదు. నుదురు, గడ్డం, నవ్వితే ఒక పక్కకు లాగే మూతి, అన్నీ మా అమ్మవే. ఆ మాట ఆమెకు చెప్పేవాళ్ళు లేకపోయారు.