యాది ఖలాస్?

కంప్యూటర్ మూత విప్పి బ్లోయర్ పెట్టగానే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన దుమ్ము వాసన, అందులో కొంచెం ఉప్పుగాలి. ఈ అరబ్బు దేశంలో మేముండే అజైబాకు సముద్రం దగ్గరే కాబట్టి మా ఆఫీసు మిషన్లకు ఇసుకా తేమా కలిసి పడతాయి. ఈ గురువారం మధ్యాహ్నం, కొత్తగా చేరిన మలయాళీ టెక్నీషియన్ నా పక్క బల్ల మీద ఒక మిషన్ విప్పాడు. ఆ వాసన తగిలేసరికి సరళక్క గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, నెత్తిన నిలబడి "ఏం కాకినాడా, పని చేస్తాండావా, నోరు చేస్తాండావా?" అన్నట్టే అనిపించింది.

సరళక్కది ప్రొద్దుటూరు, నాది కాకినాడ. మా నిర్మాణ కంపెనీలో కంప్యూటర్ల బాధ్యతంతా ఆమెదే, నాకు పై అధికారి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆఫీసులో నోరున్న ఆడమనిషి ఆమె ఒక్కతే అని అందరూ అనుకునేవారు, నేను చేరేదాకా. చేరిన మొదటి గురువారమే నా చేతిలో గోడలకు రంగు వేసే బ్రష్షు ఒకటి పెట్టింది. వారాంతపు సెలవుకు ముందు ఎవరి మిషన్ వాళ్లు ఆపి ఫ్యాను దగ్గర దుమ్ము దులపాలి, అక్కర్లేని ఫైళ్లు తీసేయాలి, అప్‌డేట్లు పెట్టాలి, పనికొచ్చేవి బయటి డిస్కులోకి కాపీ చేయాలి. ఆపైన ఆ కాపీని పక్కవాళ్ల మిషన్‌లో తెరిచి చూడాలి. ఇదీ ఆమె పద్ధతి.

"నేను ఎం.కాం. చదివానండీ. దుమ్ము దులపడానికి రాలేదు" అన్నాను.

"ఎం.కాం. చదివినోళ్ల మిషన్ మీద దుమ్ము పడదా మే?"

"దులపడానికి మనుషులున్నారు కదా."

"ఉండారు. నువ్వు మనిషివి కాదా?"

దులిపాను. దులుపుతూనే వాదించాను. కాపీ అయిందని మిషనే చెబుతుంటే మళ్లీ తెరిచి చూడటం దండగ కాదా అన్నాను. "మిషన్ మాట నమ్మేదానివి, నా మాట నమ్మడానికేమి నొప్పి?" అంది. దానికి జవాబు నాకు రాత్రి భోజనం దగ్గర తట్టింది. మర్నాడు సెలవు కావడం వల్ల ఆమె బతికిపోయింది.

ఆమెకు ఒక్క మాట గిట్టేది కాదు: ఖలాస్. మా ఊళ్లో ఎవరైనా ఖలాస్ అన్నారంటే మనిషో వస్తువో పోయినట్టే. ఇక్కడ అలా కాదు. పని పూర్తయితే ఖలాస్, పాలు నిండుకుంటే ఖలాస్, ఉద్యోగం ఊడినా ఖలాసే. అరబ్బుల దగ్గర నేర్చుకున్న ఈ మాటను డ్రైవరు నుంచి మేనేజరు దాకా అందరూ వాడతారు. ఎవరి నోట అది విన్నా సరళక్క "యాది ఖలాసు?" అని నిలదీసేది. ఏది అనడానికి వాళ్ల కడప వైపు యాది అంటారు. నేను దానికీ వెక్కిరించేదాన్ని.

మా బిల్డింగులో పై అంతస్తు వాళ్లింట్లో నాగమణి అని రాజోలు వైపు నుంచి వచ్చిన మనిషి పనిచేసేది. దూరవిద్యలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు నిద్ర ఎంత, ఎక్కడ, ఎలా అని తనలాంటి వాళ్లనే అడిగి, వాళ్లు చెప్పినదంతా ఒక పాత లాప్‌టాప్‌లో ప్రాజెక్టుగా టైపు చేసుకుంది. ఆ వారమే పంపాలి. ఒక శుక్రవారం మధ్యాహ్నం దాన్ని ప్రింటు తీయించడానికి నేనే ఆమెను సరళక్క ఇంటికి తీసుకెళ్లాను.

నాగమణి తెచ్చిన పెన్‌డ్రైవ్ పెడితే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. అందులో ఉన్నవి షార్ట్‌కట్లు. ఫైలు ఎక్కడుందో చూపే గుర్తులే తప్ప ఫైళ్లు కావు. అసలు ఫైళ్లు లాప్‌టాప్‌లో ఉన్నాయి. ఆ లాప్‌టాప్ అల్ హైల్‌లో జగిత్యాల మల్లేశం రిపేరు షాపులో ఉంది. కాపీ ఎలాగూ ఉందన్న ధీమాతో, మొత్తం తుడిచేసి ఫార్మాట్ కొట్టమని నాగమణే అతనికి చెప్పి వచ్చింది.

వెంటనే అతనికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "మల్లేశమన్నా, నా లాప్‌టాప్ ఎంతవరకూ వచ్చిందండీ?"

"ఖలాస్ అక్కా!" అన్నాడతను హుషారుగా.

నాగమణి నేల మీద కూలబడింది. "పోయిందండీ. నాకు చెప్పినోళ్లలో సగం మంది మన దేశం ఎల్లిపోయారండీ. ఆళ్లని మళ్లీ ఎక్కడ ఎతికి అడగనండీ?"

నేను ఫోన్ లాక్కుని మల్లేశాన్ని కడిగేద్దామని నోరు తెరిచాను. సరళక్క నా చేతిలోంచి దాన్ని లాగేసుకుని, "యాది ఖలాసు?" అని గద్దించింది.

అవతల నుంచి పౌరుషంగా గొంతు వచ్చింది. "నా యాది ఎందుకు ఖలాసైతదక్కా? మంచిగ యాదికున్నది. దుమ్ము దులుపుడైంది, చాయ్ తాగినంక ఫార్మాట్ కొడ్త!"

జగిత్యాలలో యాది అంటే జ్ఞాపకం. మర్చిపోయావా అని అడిగిందనుకుని అతను రోషపడ్డాడు. ఆ రోషంలోనే ఫార్మాట్ ఇంకా కొట్టలేదని మాకు తెలిసింది.

"చాయ్ తాగు నాయనా. ఇంకోటి కూడా తాగు. దాని మీద చెయ్యి మటుకు పెట్టొద్దు. మేం వస్తాండాం" అంది సరళక్క.

టాక్సీలో అల్ హైల్ వెళ్లాం. షాపులో ఫైళ్లన్నీ ఉన్నాయి. సరళక్క వాటిని రెండు చోట్లకు కాపీ చేయించి, మల్లేశం సొంత మిషన్‌లో ఒక్కొక్కటే నాగమణి చేతనే తెరిపించింది. ఆఖరి పేజీ కనబడ్డాక గానీ నాగమణి మంచినీళ్లు తాగలేదు. ఈలోగా నేను మల్లేశంతో తగువు వేసుకున్నాను.

"సగం పనికే ఖలాస్ అంటారా ఎవరైనా?"

"నేను దుమ్ము ముచ్చట చెప్పిన మేడమ్. మీరు సావు ముచ్చట విన్నరు. నా తప్పేమున్నది?"

తప్పు అతనిదేనని నేను ఇప్పటికీ అంటాను. సరళక్క మాత్రం అతన్ని పల్లెత్తు మాట అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు నాతో, "నువ్వు ముందు తిట్టింటే వాడు ఫోన్ పెట్టేసింటాడు, చాయ్ తాగి ఫార్మాట్ కొట్టేసింటాడు. నోరుండేది మంచిదే మే. ముందు అడుగు, ఆమైన తిట్టు" అంది.

నాగమణి డిగ్రీ పాసైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు కంపెనీ మనుషుల్ని తగ్గించింది. ఒక గురువారం పొద్దున సరళక్కను మేనేజరు గదిలోకి పిలిచారు. బయటికి వచ్చి కుర్చీలో కూర్చుని, "ఖలాస్ అన్నారు" అంది. ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. ఆమె యాసలోనే అడిగాను.

"యాది ఖలాసు, అక్కా?"

సొరుగు తీసి తన బ్రష్షు నా బల్ల మీద పెట్టింది. "ఈ కుర్చీ. అంతే" అంది. "పొద్దున్నుంచీ నీ మిషన్ ఫ్యాను అరుస్తాంది. దులుపు."

ఇప్పుడామె ప్రొద్దుటూరులో తమ్ముడి బట్టల షాపులో బిల్లింగు కంప్యూటరుతో పోట్లాడుతోంది. నేనిక్కడ ఆమె కుర్చీలో ఉన్నాను.

ఈ గురువారం ఆ మలయాళీ టెక్నీషియన్ మూత బిగించి, చేతులు దులుపుకుని, "ఖలాస్, మేడమ్" అన్నాడు.

"యాది?" అన్నాను.

అతనికి తెలుగు రాదు. గురువారం పద్ధతి మాత్రం చేరిన రోజే నేర్పాను. నా వైపు ఒకసారి చూసి, బయటి డిస్కును పక్క మిషన్‌కు తగిలించి, ఒక ఫైలు తెరిచి, తెరను నా వైపు తిప్పాడు.