ఇంట్లో పాడకూడని పాట

మా అమ్మకి శోకాలు పెట్టడంలో పేరుంది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతేనా అని మీరు అనుకోవచ్చు. ఫిషింగ్ హార్బర్ వెనక మా వీధిలో అయితే గొప్పే. ఎవరింట్లో మనిషి పోయినా కబురు ముందు మా అమ్మకే వచ్చేది. ఆమె వెళ్లి తల దగ్గర కూర్చుని, పోయినవాళ్లు తిన్నదీ తిట్టిందీ దాచుకున్నదీ ఒక్కొక్కటే రాగం తీసి వాళ్లనే అడిగేది. అప్పటిదాకా కొయ్యబారిపోయిన ఇంటివాళ్లు అప్పుడు బావురుమనేవాళ్లు. మిగతా రోజుల్లో హార్బర్‌లో చేపలమ్మేది. అక్కడా అదే గొంతు, కాకపోతే అక్కడ తిట్లు ఎక్కువ.

ఆ రాగం అమ్మకి అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చింది. పళ్లూడి, చూపు మందగించి, మా పక్క వీధిలో ఉండే అమ్మమ్మకి ఒకటే బెంగ. "నాను పోతే బాగా ఏడవాలే. ఒక్క మాట తప్పినా లేసి కూసుంటాను" అని అమ్మని బెదిరించేది. అమ్మ నవ్వేది. "నీకు రెండ్రోజులు ఏడుత్తాను, సరేనా?" అనేది. అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం.

ఆ గొంతు నాకూ వచ్చింది. దాంతో నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాన్న మరబోటు మీద డ్రైవర్. వేటకి వెళ్లేటప్పుడు చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, ఉత్తకాళ్లతో హార్బర్‌కి నడిచి వెళ్లేవాడు. తిరిగొచ్చేదాకా ఆ చెప్పులు ఎవరూ కదపకూడదు. అమ్మ వాటిని తియ్యకుండా చుట్టూ ఊడ్చేది. పదిరోజులకో పన్నెండు రోజులకో వచ్చి, ఉప్పుకి పగిలిన కాళ్లు కడుక్కుని, వాటిలో దూర్చుకునేవాడు. అప్పుడు ఇంటికి వచ్చినట్టు.

నాకు గిటార్ కొనిపెట్టింది ఆయనే. వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్లో బేరమాడి తెచ్చాడు. నేను ఇంగ్లీషు మీడియంలో చదివాను. బళ్లో ఇంగ్లీషు, ఇంట్లో మా తెలుగు. ఫోన్‌లో అమెరికా పల్లెవాళ్ల కంట్రీ పాటలు పెట్టుకుని వాయిస్తుంటే నాన్న పక్కన కూర్చునేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఎవుడో ఇల్లొదిలీసి తిరుగుతన్నాడు కాదేటి?" అని అడిగేవాడు. దాదాపు ప్రతిసారీ అదే అయ్యేది. "సూసినావా, మన బోటోల పాటలే" అని మీసం దువ్వుకునేవాడు. ఒక చరణం ఇంగ్లీషులో, ఒక చరణం మా భాషలో పాట కట్టడం నాకు అలా అబ్బింది.

నాన్న సముద్రంలో పోలేదు. వేట నిషేధం రోజులవి. ఒడ్డున కట్టేసిన బోటులో ఇంజను బాగు చేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆ రోజూ అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి వెళ్లాడు. ఆయన్ని తెచ్చి ఆ చెప్పుల మీదుగానే లోపలికి మోశారు. అమ్మ తల దగ్గర కూర్చుంది.

"సెప్పులిడిసి ఎల్లినోడా, ఎన్నిసార్లు రాలేదూ... సెప్పులిక్కడే ఉన్నాయి, నువ్వెక్కడికెల్లినావూ... పీతల పులుసు సల్లారిపోతంది, ఎవులికెట్టనూ..."

నా చేతిలో ఫోన్ ఉంది. రికార్డు చేశాను. ఆ మాటలు మర్చిపోతానేమోనని భయమేసింది, అంతే. దురుద్దేశం లేదని ఇప్పటికి చాలామందికి చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.

కొన్ని నెలలకి అది పాటయింది. ఒక ఉదయం ముందుగదిలో కూర్చుని గిటార్ మీద పాడాను. పెరట్లో అమ్మ చేపకి పొలుసు తీస్తోంది. కత్తి చప్పుడు ఆగింది. తడిచేతులతో వచ్చి నిలబడింది.

"ఇది నా ఏడుపు కాదేటే?"

"నాన్న మీద పాటమ్మా."

కళ్లు తుడుచుకోవడానికి చేతులు బాగోలేక మోచేత్తో తుడుచుకుంది. "ఇంట్లో పాడకు. శోకం ఊరికే పాడకూడదు. సావుని పిలిసినట్టవుద్ది" అని మళ్లీ పెరట్లోకి వెళ్లిపోయింది.

ఇంట్లో వద్దంది. స్టూడియోలో వద్దనలేదు. చదువుకున్నదాన్ని కదా, పెద్దవాళ్ల మాటలో సందు వెతుక్కోవడం బాగా వచ్చు.

హైదరాబాదులో పాటలు తీసే ఒకాయన నేను గిటార్ వాయిస్తూ ఫోన్‌లో పెట్టిన పాత వీడియో చూసి పిలిచాడు. ఈ పాట విని కుర్చీలోంచి లేచాడు. "తెలుగులో కంట్రీ పాప్! ఇలాంటిది నేనెప్పుడూ వినలేదు" అన్నాడు. తర్వాత కూర్చుని, ఏడుపు కొంచెం తగ్గిద్దాం, ఊపు కొంచెం పెంచుదాం అన్నాడు. పీతల పులుసు తీసేశారు. 'సెప్పులిడిసి ఎల్లినోడా' తర్వాత తాళంలో నాలుగు దెబ్బల సేపు నేను ఆగాలి, అక్కడ గిటార్ ఒక్కటే వినబడాలి. ఇంగ్లీషు చరణం కలిసేసరికి అది ఎవడో కుర్రాడు అమ్మాయిని వదిలేసి పోయిన పాటలా తయారైంది. బాగుందా అని అడిగాడు. నేను తల ఊపాను. ఎవరూ నా తల పట్టుకుని ఊపలేదు.

వీడియో మా హార్బర్‌లోనే తీశారు. నాకు ఆ కంట్రీ పాటగాళ్లలా వెడల్పు అంచు టోపీ, మోకాళ్లదాకా బూట్లు. చెప్పుల పాటకి బూట్లేమిటని అడగాలని నాకు తట్టలేదు. చేపల నీళ్లలో జారి రెండుసార్లు పడ్డాను. గంప నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చిన అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆ టోపీ ఏటే, ఎండకా?" అంది. అందరం నవ్వాం. పాట ఏమిటో అప్పటికి ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు.

పాట బయటికొచ్చింది. ఆ నాలుగు దెబ్బల దగ్గర అమ్మాయిలు చెప్పులు గాల్లోకి విసిరి చిందేసే చిన్న చిన్న వీడియోలు మొదలయ్యాయి. ఆటోల్లో అదే, పెళ్లి ఊరేగింపుల్లో అదే. గాజువాకలో ఒక కాలేజీ వేడుకకి పిలిచారు. నేను ఆగగానే ఆవరణంతా చెప్పులు ఎగిరాయి. నాన్న చెప్పులు గుర్తొచ్చాయా అంటే, రాలేదు. సంతోషపడ్డాను. అబద్ధమెందుకు, చాలా సంతోషపడ్డాను.

అమ్మ కూడా వినే ఉంటుంది. వీధంతా వింటుంటే ఆమె వినకుండా ఎలా ఉంటుంది? ఇంట్లో పాడొద్దన్న పాట కిటికీల్లోంచి రోజుకి పదిసార్లు ఇంట్లోకి వచ్చేది. మొదటి మాట పూర్తి కాకముందే ఆమె లేచి కిటికీ మూసేది.

ఆ రోజుల్లోనే వెనక వీధిలో వలలు అల్లే ఒక తాత పోయాడు. అమ్మని పిలిచారు. నేనూ వెళ్లాను. అమ్మ కూర్చుని రాగం ఎత్తింది. మాటలు ఆ తాతవే, ఆయన బీడీ కట్ట గురించి, ఆయన వలలో చిక్కుముళ్ల గురించి. కానీ అమ్మకున్నది ఒకటే రాగం. గుమ్మం దగ్గర ఇద్దరు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. చెడ్డ పిల్లలు కాదు. రాగం వినగానే వాళ్ల కాళ్లు వాటంతట అవే కదిలాయి. మొదటి మాట దగ్గర అమ్మ ఊపిరి తీసుకునేసరికి ఒక పిల్ల కాలి చెప్పు జారింది. ఇద్దరూ నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకోవాలని చూశారు.

అమ్మ చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని లేచి వచ్చేసింది.

ఆ తర్వాత ఎవరు పిలిచినా గొంతు బాగోలేదనేది. వాళ్లు వేరే పేట ఆడవాళ్లని పిలుచుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, కానీ ఆ మంట ఆమె మీదే చూపించాను. "వేరే రాగంలో ఏడవొచ్చు కదమ్మా" అన్నాను. నా జన్మలో అన్న మాటలన్నిటిలో అంత నీచమైన మాట ఇంకొకటి లేదు.

అమ్మ అరవలేదు. "ఏడుపుకి రాగం నాను కట్టినానేటే? మా అమ్మ కాడ్నించొచ్చింది. నాకున్నాదదొక్కటే" అంది. నాకు అన్నం పెట్టి, పక్కన కూర్చుని, ముల్లు తీసిన చేప ముక్క నా కంచంలో వేసింది.

ముసురు పట్టిన ఒక ఉదయం అమ్మమ్మ పోయింది. నేను రెండో పాట కోసం హైదరాబాదులో ఉన్నాను. సాయంత్రానికి చేరుకున్నాను. నా కోసమే ఆపారు. అమ్మ అమ్మమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్లు. ఎవరూ ఏడవడం లేదు. అందరూ అమ్మ మొదలుపెట్టాలని చూస్తున్నారు.

"ఏడవ్వే. ముసిల్ది నీ కోసవే సూత్తంది" అంది అమ్మ చెల్లెలు, మా పిన్ని.

అమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు నన్ను చూసింది. ఆ చూపులో కోపముంటే బాగుండును.

"నువ్వెత్తు. ఆ రాగం ఇప్పుడు నీ కాడే ఉంది" అంది.

నేను అమ్మమ్మ పాదాల దగ్గర కూర్చున్నాను. ఎత్తాను. "పళ్లు లేని నోటితో నవ్వినదానా..." గొంతు బాగా పలికింది. అన్నిటికంటే ఘోరం అదే, చాలా బాగా పలికింది. పిన్ని కొంగు కళ్లకి అద్దుకుంది. ఆ మాట అయ్యాక ఆగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరి కాళ్లూ కదల్లేదు.

"అక్కడెందుకాగినావు?" అమ్మ నిజంగానే అడిగింది, తెలియక.

"అక్కడ గిటార్ వస్తాదమ్మా" అన్నాను.

అమ్మ తల ఊపింది. నేను మళ్లీ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "సాల్లే" అని వంగి అమ్మమ్మ చెంప మీద తన చెంప ఆనించి, అలాగే ఉండిపోయింది. కొంచెంసేపటికి మగవాళ్లు లోపలికొచ్చారు.

మా వీధుల్లో శోకం లేకుండా లేచిన శవం మా అమ్మమ్మదొక్కటే. ఒక్క మాట తప్పినా లేచి కూర్చుంటానంది. లేవలేదు. వాళ్లు ఎత్తుకుని వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను.