చెంబుతో మాట్లాడిన కోడలు

కారాకుం ఎడారిలో అందరూ ఉమ్మడిగా ఒంటెలు పెంచే ఆ కల్ఖోజు ఊళ్ళో తువాక్‌గుల్ ఇల్లు ఎక్కడని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. చెంబుతో మాట్లాడిన కోడలి ఇల్లు అంటే చిన్నపిల్లలైనా చెయ్యి పట్టుకుని తీసుకెళతారు.

ఆమె పుట్టిల్లు కాలువ కింది పత్తి ఊరు. అక్కడ ఆమె గట్టిగా నవ్వేది, ఇంకా గట్టిగా పోట్లాడేది. అత్తారింటికి వచ్చాక ఆ నోటికి తాళం పడింది. కోడలు మామగారి ఎదుట, బావగార్ల ఎదుట పెదవి విప్పకూడదు. తలగుడ్డ చెంగు పళ్ళ మధ్య బిగించి, చెప్పాల్సింది ఇంట్లో పిల్లల చేత చెప్పించాలి. ఆమె కొడుకు బడికి వెళ్ళే ఈడుకు వచ్చినా, మామగారు హోజానేపెస్ కోడలి గొంతు ఒక్కనాడూ వినలేదు.

ఆ హోజానేపెస్ మామూలు మనిషి కాదు. ఇసుకలో దారి చెప్పాలంటే ఆయనే చెప్పాలి. గొర్రెల కాపరులు, పట్నం నుంచి వచ్చే సర్వే వాళ్ళు ఆయన వేలు ఎటు చూపిస్తే అటు నడిచేవాళ్ళు. అయితే కొంతకాలంగా ఆయన పోసుకునే టీ గిన్నెలో కాక పక్కన పడుతోంది. తువాక్‌గుల్ చప్పుడు కాకుండా గిన్నెను ధార కిందికి జరిపేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

మోకాళ్ళ నొప్పులని ఊరందరికీ చెప్పి ఆయన పట్నం ఆసుపత్రికి బయలుదేరాడు. తోడు వెళ్ళిన కోడలు కూర్చున్నది మాత్రం కళ్ళ డాక్టరు గది ముందు.

తిరుగు ప్రయాణం చిన్న విమానంలో. నడిపేవాడు వాదిమ్ అనే రష్యా వాడు. ఆ ఊళ్ళమీద ఎగిరి ఎగిరి వాళ్ళ భాష ముక్కలు ముక్కలుగా పట్టాడు. వెనకాల పెళ్ళి విందు కోసం కొన్న కర్బూజా బస్తాతో బెర్దీనజర్, తువాక్‌గుల్‌కు వరసకు బావగారు. ఇసుక గాలి లేచింది, ఇంజను దగ్గింది, విమానం దిబ్బల మీద కూలబడింది. రెక్క విరిగింది. వాదిమ్ కాలూ విరిగింది. రేడియో మూగబోయింది. గాలి వాళ్ళను దారి నుంచి ఎంతో దూరం నెట్టేసింది కనుక వెతికేవాళ్ళెవరూ అటు రాలేదు. నీళ్ళు అయిపోయాయి.

"పడేముందు కింద తెల్లగా ఉప్పు పర్ర కనబడిందా?" అని హోజానేపెస్ వాదిమ్‌ను అడిగాడు.

"కనబడింది."

"అయితే పాత బావి ఇక్కడే ఎక్కడో ఉంది. దాన్ని తవ్వించింది నేనే. పదండి."

విమానం తలుపు ఊడదీసి, దాని మీద వాదిమ్‌ను పడుకోబెట్టి, సామాను పట్టీలతో లాగారు. నీళ్ళకు బదులు కర్బూజాలు.

"పెళ్ళికొడుకు తినాల్సినవి. నా ఖర్మ కొద్దీ ఎడారికి విందు పెడుతున్నా," అని బెర్దీనజర్ గొణిగాడు.

ముందు నడిచే ముసలాయన మెల్లగా ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు. తువాక్‌గుల్ వంగి ఆ సంగతి వాదిమ్ చెవిలో చెప్పింది. "దారి పక్కకు పోతోంది," అని వాదిమ్ పైకి అన్నాడు.

"విమానాన్నే సరిగ్గా దించలేనివాడు నాకు నేల మీద దారి చెబుతాడా!" అని మామగారు కసిరాడు.

మధ్యాహ్నానికి వాదిమ్ ఒళ్ళు కాలిపోయి తెలివి తప్పింది. ఆ తర్వాత కాసేపటికి ఇసుకలో కర్బూజా తొక్కలు కనిపించాయి. వాళ్ళు పారేసినవే.

"బాబాయ్, తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. నీకసలు దారి తెలుస్తోందా?" బెర్దీనజర్ గొంతులో వేళాకోళం పోయింది.

"ఎవరో కాపరి తిన్న తొక్కలురా అవి!"

తువాక్‌గుల్‌కు మింగలేక కక్కలేక ప్రాణం పోతోంది. ఊరుకుంటే నలుగురూ ఇక్కడే ఎండిపోతారు. ఆయనకు కనబడదని చెబితే ఆ మనిషి బతికుండగానే చచ్చిపోతాడు. సంచిలోంచి రాగి టీ చెంబు తీసి ఇసుకలో పెట్టింది. దాని ముందు కూర్చుని, చెంగు నోట్లోంచి తీసింది.

"చెంబూ, మామగారితో చెప్పు. ఈ ఎండలో తలెత్తి వెతకడం పెద్దవాళ్ళ పని కాదు. ఏం వెతకాలో ఆయన్ని చెప్పమను. నేను వెతుకుతాను."

బెర్దీనజర్ లాగుతున్న పట్టీలు వదిలేశాడు. ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. ఆఖరికి ఆయనా చెంబు వైపే తిరిగాడు.

"చెంబూ, గొడ్డలితో నరికిన చెట్ల మొదళ్ళు ఎక్కడున్నాయో చూడమను. బావి ఉన్నచోటే మనిషి కట్టెలు కొడతాడు."

ఆమె దిబ్బ ఎక్కింది. "ఎడమ పక్కన ఉన్నాయని చెప్పు చెంబూ!"

"పాత గొర్రెల బాటలు ఎటుపోయి కలుస్తున్నాయో చూడమను."

"ఆ రెండు దిబ్బల సందులోకని చెప్పు."

"నన్నూ ఏమైనా అడగమనండయ్యా. గాడిదలా లాగడమేనా నా బతుకు?" అన్నాడు బెర్దీనజర్.

"చెంబూ, వాణ్ణి లాగమను," అన్నాడు ముసలాయన. తువాక్‌గుల్‌కు నవ్వు ఆగలేదు.

పొద్దు వాలేలోగా బావి దొరికింది. చేద లేదు, తాడూ లేదు. పట్టీలు, ముసలాయన నడికట్టు, బెర్దీనజర్ బెల్టు అన్నీ ముడేసి చెంబును దించారు. నీళ్ళ చప్పుడు రాలేదు. ఇంకాస్త పొడవు కావాలి.

ఇంకాస్త పొడవైన గుడ్డ అక్కడ ఒక్కటే ఉంది. అది తువాక్‌గుల్ తలమీద ఉంది. మామగారి ఎదుట, బావగారి ఎదుట తల విప్పడం కన్నా ఆ బావిలో దూకడమే నయమనుకునే మనుషులు వాళ్ళు. ఆమె చెయ్యి చెంగు మీదే ఆగిపోయింది.

బెర్దీనజర్ అటు తిరిగి నిలబడ్డాడు. హోజానేపెస్‌కు సంగతి అర్థమైంది. అందరికీ వినబడేలా అన్నాడు:

"తియ్యమ్మా. నాకేం కనబడదు. కళ్ళు పోయి చాన్నాళ్ళయింది. ఇక రావని డాక్టరు కూడా చెప్పేశాడు."

తువాక్‌గుల్ ఏడుస్తూనే తలగుడ్డ విప్పి ముడేసింది. అడుగున చెంబు మునిగిన చప్పుడు వినిపించింది. ఉప్పటి నీళ్ళే అయినా, తొలి గుక్క వాదిమ్ గొంతులో పోసింది. తర్వాత గిన్నె నింపి ముసలాయన చేతుల్లో పెట్టింది.

"తాగండి మామయ్యా." ఈసారి చెంబుతో చెప్పించలేదు.

మొదళ్ళన్నీ పోగేసి మంట పెట్టారు. ఆ పొగ చూసి తెల్లారేసరికి కాపరులు ఒంటెలతో వచ్చారు.

ఇంటికి రాగానే హోజానేపెస్ కోడలికి ఒక గొర్రెను ఇచ్చి, ఆచారం ప్రకారం ఆమె నోటి తాళం తీశాడు. ఆ తర్వాత రోజూ వాకిట్లో కూర్చుని, "చెంబు ఏమంటోందమ్మా?" అని అడిగేవాడు. దారిన పోయే ఒంటెలు ఎవరివో, ఎవరింట పొయ్యి వెలిగిందో ఆమె చెప్పేది.

బెర్దీనజర్ నోట్లో నువ్వుగింజ నానదు. తలగుడ్డ సంగతి ఊరంతా పాకింది. ఒకనాడు ఊరి పెద్దలు నలుగురు వచ్చి, "నీ కోడలు నీ ఎదుటే తల విప్పిందటగా?" అని నిలదీశారు.

ఒకప్పుడు ఆ నలుగురూ ఇసుకలో ఆయన వేలు పట్టుకుని నడిచినవాళ్ళే. హోజానేపెస్ టీ గిన్నె కోసం నేలంతా తడుముకుంటూ అన్నాడు:

"ఏమో, నేను గుడ్డివాణ్ణి. చూసినవాణ్ణి అడగండి."