కలెక్టరు గారి ఫిల్టరు

మా ముత్తాత నాలుగు ఊళ్ళకు మునసబు. ఆయన కొడుకు, అంటే మా తాత, మార్కాపురం చుట్టుపక్కల మూడు పలకల గనులకు యజమాని. ఆయన గనుల్లో తీసిన రాతి మీద ఎన్ని రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దారో లెక్కలేదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. మా నాయన కాలానికి పిల్లలు పలకలు మానేసి నోటుపుస్తకాలు పట్టారు, గనులు ఒక్కొక్కటే చేతులు మారాయి. ఆ రోజుల్లో మాకు మిగిలింది ఒక పెద్ద హాలు, వంగని వెన్నెముకలు. (నాకు మరీ నిటారు. కిందపడిన పెన్ను తీయడానికి కూడా చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గానీ వంగేవాణ్ణి కాదు.) ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి అంత బరువైన మెడ ఎందుకని ఇప్పుడు అనిపిస్తుంది.

హాల్లో ఆరడుగుల చేపల తొట్టి ఉండేది. మంచి రోజుల్లో నాయన చివరగా చేయించింది అదే. ఒకప్పుడు అందులో పదిరకాల చేపలు తిరిగేవి, చివరికి ఒక్కటే మిగిలింది. జానెడు పొడవు, నల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చలు. ఎవరు వచ్చి అద్దం ముందు నిలబడినా వీపు చూపించేది కాబట్టి నాయన దానికి కలెక్టరు అని పేరు పెట్టాడు. ఆఖరి గని పోయాక నాయన మనుషులతో మాట్లాడటం దాదాపు మానేశాడు. అడిగితే తల ఊపేవాడు, అంతే. మాట్లాడితే కలెక్టరుతోనే. "ఏంది సార్, ఈ పొద్దన్నా మా అర్జీ చూస్తారా?" అంటూ మేత వేసేవాడు. అమ్మ వంటగది గడప దగ్గర నిలబడి ఆ నాలుగు మాటల కోసం చెవి పెట్టుకుని ఉండేది.

అట్లాంటి తొట్టిలో పాత ఫిల్టరు ఒక ఎండాకాలం కాలిపోయింది. రెండు రోజుల్లో నీళ్ళు గంజిలా తయారయ్యాయి. కలెక్టరు పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ గాలి మింగుతోంది. నీళ్ళు మార్చుదామంటే మా బోరు నీళ్ళు గిన్నెలకే తెల్లగా ఉప్పు పొర కట్టించే రకం, ట్యాంకరు రావడానికి ఇంకా మూడు రోజులుంది. నాయన అన్నం ముట్టలేదు. తొట్టి పక్కన కుర్చీ వేసుకుని, అద్దం మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. అమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆ చేప పోయిందంటే మీ నాయన నోరు ఇంక తెరవడురా" అంది. ఆ మాటకు నా వెన్ను మరింత నిటారైంది.

ఊళ్ళో రంగుచేపల దుకాణం ఒక్కటే. నడిపే ఆయన్ను అందరం చేపల భాయ్ అనేవాళ్ళం. తొట్టి కొలత అడిగి, మనసులోనే గుణించుకుని, రెండు చిన్న పెట్టెలు బల్ల మీద పెట్టాడు. "ఇవి బయట పెట్టేవి అబ్బయ్యా. ఒక పైపులో నీళ్ళు దిగుతాయి, ఇంకో పైపులో శుభ్రమై పైకి పోతాయి. రెండు తీసుకో. ఒకటి ఆగినా ఇంకోటి ఆడతాది."

నా చూపు మాత్రం పై అరలో ఉన్న, బిందె అంత పెట్టె మీద ఉంది.

"అదేంది భాయ్?"

"అది వద్దులే. మొన్న బంగారం కొట్టాయన తీసుకున్నాడు అట్లాంటిదే. అది నీళ్ళు తోసే తోపుకు ఆయన చేపలు తొట్టి గోడకు అతుక్కున్నాయి."

నేను విన్నది ఒక్కటే, బంగారం కొట్టాయన తీసుకున్నాడని. "దానికంటే పెద్దది ఉందా?" అన్నాను.

భాయ్ నన్ను ఒక క్షణం చూసి, "ఉంది. కానీ రెండు చిన్నవే..." అన్నాడు.

"మా ఇంట్లో చిన్నవి పెట్టరు."

ఆయన పెద్దది దించి, బాకీ రాసుకున్నాడు. బిగించడానికి తానే వస్తానంటే, అక్కర్లేదని చెప్పి ఆటోలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరాను.

తొట్టి బల్ల కింద అర ఖాళీగానే ఉంది గానీ అందులో చీపుర్లు, నేల తుడిచే గుడ్డలు ఉండేవి. అంత గొప్ప యంత్రాన్ని చీపుర్ల పక్కన పెట్టడమా! టేకు స్టాండు ఒకటి తెచ్చి, తొట్టి అంచుకంటే జానెడు ఎత్తున, గుమ్మంలోంచి వచ్చేవాళ్ళ కంటికి ఆనేటట్లు నిలబెట్టాను. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది, నిమ్మకాయ కూడా కోసింది. పెట్టెలో వచ్చిన కాగితంలో ఏముందో చదవలేదు. (చదివితే తెలియదని ఒప్పుకున్నట్లు కదా.) స్విచ్చి వేశాను. యంత్రం గుర్రుమంది. గుర్రుమంటూనే ఉంది.

"చప్పుడుంది గానీ నీళ్ళేవిరా?" అంది అమ్మ.

"కొత్తది గదమ్మా, టైం పడుతుంది."

పావుగంట అయింది. అరగంట అయింది. పైపులు ఊపాను, మూత బిగించాను, విప్పాను, మళ్ళీ బిగించాను. చొక్కా తడిసిపోయింది. యంత్రం ఒళ్ళు వేడెక్కి బొట్టు కారసాగింది. అప్పుడు కలెక్టరు మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. ఒక రెక్క మాత్రం కదులుతోంది.

"భాయ్‌కి ఫోన్ చెయ్‌రా," అంది అమ్మ.

నేను కదల్లేదు. ఏ మొహంతో చెయ్యను? ఇంతలో నా వెనకనుంచి, నెలల తరబడి మనుషులతో వాడని గొంతు, తుప్పు పట్టిన తలుపులా వినిపించింది.

"భాయ్, నేనయ్యా. మావాడు ఏదో చేసినాడు. చేప పోతాంది. నువ్వు రావాల."

నాయన ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

పది నిమిషాల్లో భాయ్ స్కూటర్ దిగాడు. లోపలికి వచ్చి స్టాండు మీదున్న దాన్నీ, దాని బొట్టునూ చూశాడు. "పైనెక్కించినారేంది? ఊరేగింపు తీస్తారా? నీళ్ళు దాంట్లోకి దిగాలంటే అది కింద ఉండాల అబ్బయ్యా. దించు."

చీపుర్లు నాయనే బయటకు లాగాడు. ఫిల్టరును కింది అరలో పెట్టాం. భాయ్ పైపు నా చేతికిచ్చాడు. "నేల మీద పండుకుని దీన్ని నోట్లో పెట్టుకుని పీల్చు. నీళ్ళు రాంగనే తగిలించు."

"నువ్వు పీల్చరాదా?"

"చేప నాది కాదు గదా."

నేను పడుకున్నాను. నాలుగు ఊళ్ళ మునసబు మునిమనవణ్ణి, బోర్లా, గడ్డం నేలకానించి. పీల్చాను. నీళ్ళు దిగాయి, కొంత ఫిల్టరులోకి, చాలావరకు నా గొంతులోకి. కలెక్టరు రెండు రోజుల పరిపాలన అంతా ఆ గుక్కలో ఉంది. నేను దగ్గుతూ ఉక్కిరిబిక్కిరి అవుతుంటే పైనుంచి ఒక శబ్దం వచ్చింది. యంత్రం అనుకున్నాను. నాయన నవ్వుతున్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నీళ్ళ తోపుకు కలెక్టరు మూలకు కొట్టుకుపోతే భాయ్ పైపుకున్న మరను సగానికి తిప్పేశాడు. "సగం మూసినా. ఈ మాత్రానికి నేను చెప్పిన చిన్నవే చాలు," అని టీ తాగడానికి కూర్చున్నాడు. సాయంత్రానికి చేప తిన్నగా ఈదుతూ, అందరికీ వీపు చూపించింది. నాయన, భాయ్ చీకటి పడేదాకా కబుర్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన వారానికోసారి రావడం, నాయన గుమ్మంలో ఎదురుచూడటం అలవాటైంది.

ఇప్పుడు నాకు నడుము నొప్పి, వంగమన్నా వంగలేను. ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే, వాడి భుజం తట్టి ఆ చిన్న పెట్టెలు రెండూ తీసుకోరా అని చెప్పాలనిపిస్తుంది. వినడనుకోండి.

ఆ ఫిల్టరు బాకీ తీర్చడానికి మా తాత వెండి పొన్ను చేతికర్ర అమ్మాను. మార్కాపురంలో అయితే నలుగురికీ తెలుస్తుందని, గిద్దలూరు పోయి అమ్మాను.